ఏటి వైపు గాలి

గీతాంజలికి,

ఇక్కడ నేను బాగానే ఉన్నా. ఫోనులో చెబితే సగంలోనే కంగారుపడతావని కార్డు రాస్తున్నా.

మన కల్లం పక్క కొత్త కాలనీవాళ్లు ఘాటుకు దగ్గొస్తోందని గొడవకొస్తున్నారుగా, మొన్న ఆరబోసిన మిరపకాయల్ని కాళ్లతో చిమ్మేశారు. నందిగామ కోర్టుకెళ్లా. మన పనికి ఎవరూ అడ్డు రాకూడదని జడ్జిగారు ఆర్డరిచ్చారు. పోలీసులొచ్చి వాళ్లకు గట్టిగా చెప్పి వెళ్లారు.

గెలిచానన్న హుషారులో కాయ తిప్పిస్తుంటే ఘాటు లేచి, గోడవతల పసిబిడ్డ దగ్గు వినపడింది. అచ్చం మన లహరి కూతురి గొంతే. ఆర్డరు మనుషుల్ని ఆపుతుంది గానీ గాలిని ఆపదు కదా. అప్పట్నుంచి గాలి మున్నేటి వైపు మళ్లితేనే కాయ తిప్పిస్తున్నా. "కోర్టులో గెలిచి కూడా ఈ భయమేంటండీ?" అని కూలికొచ్చిన రత్తమ్మ నవ్వింది. నేను తువ్వాలు ఎత్తి గాలి ఎటుందో చూసుకున్నా.

అక్కడ లహరి బాలింత పథ్యం సరిగా చేస్తోందా? మందులు మాననివ్వకు. మనవరాలి తలమీద నా బదులు చెయ్యి పెట్టు.

అన్నట్టు, పెద్ద పరదా ఎక్కడ దాచావు? అటకమీద లేదు. కాలనీ వైపు కట్టాలి. ఎవరన్నా అడిగితే కాయ మీద దుమ్ము పడకుండా అని చెబుతా. నువ్వూ అదే చెప్పు.

భవానీప్రసాద్
పెనుగంచిప్రోలు