వదిన పక్కన పెట్టిన ముక్కలు

మార్చి 3
నెల తిరక్కుండా నాలుగో బోటు అడుగు స్క్రాప్. అచ్చులో గాజుపోగులతో నేసిన బట్ట పరిచి, మూత బిగించి, రెసిన్ జిగురు ఎక్కిస్తాం. నేత బిగుసుకున్నచోటికి రెసిన్ చేరక పొడి మచ్చ మిగిలిపోతుంది. నా కంప్యూటర్ మోడల్‌లో మచ్చే రాదు, అచ్చులో వస్తుంది. మేనేజరు అందరి ముందూ నన్ను జాతకాలు చెప్పుకుని బతకమన్నాడు. అందరూ నవ్వారు. వదిన కూడా.

మార్చి 4
అన్నయ్య మంచాన పడ్డాక వదినకు ఈ ఉద్యోగం వేయించింది నేనే. బట్ట పరిచేది తనొక్కతే. ప్రతి ముక్కనూ, పిల్లకు జ్వరం వచ్చిందేమో చూసినట్టు, తడిమి తడిమి చూస్తుంది. ఇంత నిదానం ఎవరిక్కావాలి? పైగా నన్ను చూసి నవ్వడం.

మార్చి 6, ఉదయం
బట్టలో తేడా ఎంతుందో కొలవాలి. స్టోర్స్‌వాడు కొత్త బట్ట చుట్ట కొయ్యనివ్వనన్నాడు. వదిన బల్ల కింద బుట్టలో ముక్కలు కనిపించాయి. ఇరవై ఏరుకున్నాను. అవెందుకని అడిగింది. నీకర్థం కాదులే అన్నాను. ఇంకేదో చెప్పబోయింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

మార్చి 11
ఏ రెండు ముక్కలూ ఒక్కలా లేవు. వాటి కొలతలు మోడల్‌లో వేస్తే అన్నీ మచ్చలే, అచ్చులో వచ్చినవాటికి మూడింతలు. ఆ ఎక్కువ సంగతి రిపోర్టులో రాయలేదు. పరిచే మనిషి తడిమి, లాగి నేత చెడగొడుతోందని రాశాను. పేరు రాయలేదు. అక్కర్లేదు కూడా.

మార్చి 14
వదినను తీసేశారు.

మార్చి 15
వదిన వచ్చింది. అన్నయ్య మందుల మాటే ఎత్తలేదు. అలా రాసింది నువ్వేనా అని మాత్రం అడిగింది. కంప్యూటర్ చెప్పిందన్నాను. చుట్టల్లోనే లోపముందట. పనికిరాని ముక్కలు ఏరి బుట్టలో పడేసి, మంచివే అచ్చులో వేసేదట. ఆ రోజు చెప్పబోయింది అదేనట. నేను కొలిచినవన్నీ ఆ బుట్టలోవే. టీ తాగి వెళ్లమన్నాను.

మార్చి 27
కొత్తవాళ్లు చకచకా పరుస్తున్నారు, చుట్టలో ఏదొస్తే అది. తొమ్మిది బోట్లు, తొమ్మిదీ స్క్రాప్. నెలకు నాలుగే పోయేవంటే అది వదిన చలవే. ఇప్పుడు నా మోడల్ చెప్పినచోటే, చెప్పినన్ని మచ్చలు! మేనేజరు భుజం తట్టి, ఈ లెక్కతో బట్ట అమ్మినవాడి పని పడతానన్నాడు. తప్పు వదినది కాదని అతనికీ తెలిసిపోయింది. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

ఏప్రిల్ 2
ప్రమోషన్. వదినకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. హమ్మయ్య అనిపించింది.

ఏప్రిల్ 9
కొత్తవాళ్లకు ట్రైనింగ్. ప్రతి ముక్కనూ తడిమి చూసి, తేడాగా ఉంటే బుట్టలో పడెయ్యమన్నాను. ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారని అడిగారు. నేనే అన్నాను.