స్లైడు మీద అక్క నెత్తురు

అక్కకు, తమ్ముడు రాసేది. ఇక్కడ నాకు బాగానే ఉంది.

వచ్చేటప్పుడు నీ వేలు పొడిచి స్లైడు మీద పూసుకొచ్చిన నెత్తురును నిన్న మా ల్యాబులో మైక్రోస్కోపు కింద పెట్టాను. మా పెద్ద టెక్నీషియన్ చూసి, నీ మాత్రల సంగతి నా నోట విని, "ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవై నడుమ వెలిసిపోతాయి. ఇవి గుడ్ల ఆకారంలో ఇంత లావున్నాయి. ఆర్నెల్లుగా ఐరన్ మాత్రలు మింగమన్న మేధావి ఎవడయ్యా?" అన్నాడు. నేనేనని చెప్పాను.

ఇది బి12 లోపం కావచ్చట. ఆలస్యమైతే నరాలు దెబ్బతింటాయట. బావగారిని తోడు తీసుకుని వెళ్లి, డాక్టరుకు ఈ పోస్టుకార్డు చూపించి పరీక్ష చేయించుకో. పాదాల తిమ్మిరి ఎలా ఉంది? పిల్లదానికి దగ్గు తగ్గిందా?

పొద్దెక్కినా లేవవని అమ్మ సాధిస్తుంటే నేనూ నవ్వాను. అమ్మకు నమస్కారాలు చెప్పి ఈ ముక్క చదివి వినిపించు. ఒళ్లు కుదుటపడేదాకా ఎవరు పిలిచినా లేవకు.