నీ కాంచన్‌జంగను నేను చూశానని చెప్పాను

తమ్ముడూ,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. నేనింకా ఈ పరాయి దేశంలో, టార్నీట్‌లో మా అమ్మాయి ఇంట్లోనే ఉన్నాను. నాకు రాయడం సరిగా రాదు, కానీ ఈ సంగతి ఇంకెవరికీ చెప్పుకోలేను.

పక్కింట్లోకి నేపాల్ మొగుడూ పెళ్లాలు వచ్చారు. పొద్దున మమ్మల్ని టీకి పిలిచారు. వాళ్ల హాల్లో గోడంతా నీ కొండ ఫోటోనే. సిక్కింలో మిలటరీ లారీ తోలినప్పుడు రోజూ చూశానని నువ్వు జీవితమంతా ఊదరగొట్టావే, ఆ కాంచన్‌జంగ. అది వాళ్ల ఊరికి నేపాల్ వైపు నుంచి కనిపిస్తుందట. నువ్వు చెప్పినట్టే శిఖరాలు ఐదున్నాయి. ఎక్కేవాళ్లు దేవుడి నెత్తిన కాలు పెట్టకూడదని కొసకు కాస్త కింద ఆగిపోతారని నువ్వంటే, కోతలు కోయకని అందరి ముందూ నీ నోరు మూయించాను. అదీ నిజమేనట. ఊళ్లో ఎద్దుల వెనక తిరిగినవాణ్ణి, నాకు కడుపు మండేది. ఇవాళా మండింది.

"నాన్నా, మీరెప్పుడైనా చూశారా అని అడుగుతున్నాడు," అంది అమ్మాయి, పక్కింటాయన మాట నాకు తెలుగు చేసి.

"చూశాను. సిక్కిం వైపు నుంచి. తెల్లారకముందే కొస ఎర్రబడుతుంది, ఆ తర్వాత బంగారం రంగు కిందికి దిగుతుంది. చెప్పు."

"చూసింది బాబాయి కదా?"

"చెప్పమన్నది చెప్పవే."

చెప్పింది. ఆయన లేచి నాకు రెండు చేతులా దణ్ణం పెట్టాడు. అది నీకు రావలసిన దణ్ణం. నేను పుచ్చుకున్నాను. నువ్వు అన్నేళ్లు రోజూ చూశావు, అందులో ఒక్క పొద్దు నాకిస్తే నీ సొమ్మేం పోయింది?