మీ తమ్ముడు చదివిన కాలేయం వార్త

సరళా,

ఈరోజు నీ సంవత్సరీకం. ఆళ్లగడ్డ నుంచి మీ తమ్ముడు పుట్టింటి చీర తెచ్చి నీ ఫొటో ముందు పెట్టాడు. భోజనానికి కూర్చొని, ఫోన్‌లో ఒక వార్త పైకి చదివాడు. ల్యాబ్‌లో కాలేయ కణాలను విడిగా పెంచితే త్వరగా పని మానేస్తాయట. రక్తనాళాల కణాలు, ఆసరాగా ఉండే ఇంకో రకం కణాలు కలిపి పెంచితే నిలుస్తున్నాయట. నంద్యాల కాలేజీలో జువాలజీ చెప్పినదానివి, నువ్వుంటే వాణ్ణి ప్రశ్నలతో విసిగించేదానివి.

"ఇంగ ఎవురూ కాలేయం కోసియ్యాల్సిన పనే ల్యా బావా. అక్కకే అదృష్టం ల్యాకపాయ" అన్నాడు.

నీకు కాలేయంలో ముక్క ఇస్తానని ఒప్పుకొని, ఆపరేషన్ రోజు ఫోన్ ఆపేసినవాడు. "బస్సు దొరికిండదులే" అని నువ్వు సాయంత్రం దాకా ఆసుపత్రి గది వాకిలి వైపే చూశావు.

"అది ఇంగా ల్యాబ్ దాటలే. ఆ పొద్దు నీది అక్కకు సరిపోయింది గదప్పా" అన్నాను.

"సరిపోతే? నాకూ పిల్లోళ్లుండారు గదా బావా" అంటూ నెయ్యి కలుపుకున్నాడు. కాసేపటికి ఇంకో వడ అడిగాడు.

లేచి పొమ్మందామనుకున్నాను. కానీ విస్తరి ముందు నుంచి మనిషిని లేపితే నువ్వు ఒప్పుకోవు. వడ్డించాను.