కాకుల కాపలా

18 ఏప్రిల్ 2004, ఆదివారం

శారద పోయాక నేను ఒక్కణ్ణీ ఆ ఇంట్లో ఉండొద్దని అమ్మాయి పద్మ పట్టు. ఏడాదిగా వాయిదా వేస్తూ వచ్చి, ఈవేళ తనతో రెండు అపార్ట్‌మెంట్లు చూశాను.

పటమటలోని దాంట్లో లాన్ పచ్చగా ఉంది. మనిషి జాడ లేదు.

"గడ్డి మీదా డాబా మీదా ఏమీ ఆరబెట్టకూడదండీ, అసోసియేషన్ రూలు" అన్నాడు సెక్రటరీ.

కానూరులోని దానికి మెయింటెనెన్స్ సగమే. లాన్ కూడా సగం ఎండిపోయింది. ఒకావిడ పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతోంది.

"అన్నయ్యగారూ, లోపలికెళ్లి ఇంకో గిన్నె పిండి తెచ్చుకుంటాను. కాస్త కాకుల్ని చూస్తుంటారా?" అంది. నేనెవరినని కూడా అడగలేదు.

పద్మ పైన ఫ్లాట్ చూసి వచ్చేసరికి నేను పేపరు మడిచి కాకుల్ని తోలుతున్నాను.

"ఇల్లు చూడ్డానికొచ్చావా నాన్నా, కాపలాకొచ్చావా?" అని నవ్వబోయి ఆగిపోయింది. వాళ్లమ్మ ఏటా వేసవిలో నన్ను డాబా మీద ఇలాగే కూర్చోబెట్టేది.

కానూరుదే తీసుకుందామన్నాను. లాన్ బాగోలేదంది పద్మ. ఫర్వాలేదన్నాను.

కాలేజీలో పాఠాలు చెప్పేవాడికి ఈ పనేమిటని శారద మీద ప్రతిసారీ విసుక్కున్నాను. ఈవేళ ఆ వడియాలావిడ గిన్నెతో తిరిగొచ్చాక కూడా లేవబుద్ధి కాలేదు.