పనివాళ్ళకు మాత్రమే బట్టలు

కోటబొమ్మాళి

చిరంజీవి శివాజీకి, మామ్మ దీవించి రాస్తున్నది.

ఫోను చెయ్యొద్దు. ఫోనులో నువ్వు వినకుండానే "ఆఁ, ఆఁ" అంటావు. ఉత్తరమైతే చదివి తీరాలి, జవాబు రాసి తీరాలి.

క్రొయేషియాలో ఏదో దీవిలో, సముద్రంలో మునిగేవాళ్ళను కాపాడే ఉద్యోగమన్నావు. భావనపాడు సముద్రం ఒడ్డున పుట్టినవాడివి, నీ ఈత గురించి నాకు బెంగ లేదు. కానీ బొబ్బిలి నుంచి యమున తండ్రి జగన్నాధంగారు వచ్చి, నువ్వు పనిచేసే చోటు ఎలాంటిదని అడిగారు. వీణలు చేసే మనిషి, దేన్నయినా మీటి చూస్తేగాని నమ్మరు. నీ జవాబు విన్నాకే మీ పెళ్ళికి తాంబూలాలు పుచ్చుకుంటారట. ఉన్నదున్నట్టు రాయి.

నీ మామ్మ,
కుసుమకుమారి

తా.క. యూనిఫారం ఏ రంగు? ముప్ఫై ఏళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసినదాన్ని. యూనిఫారం చూస్తే చాలు, ఆ సంస్థ ఎలాంటిదో చెప్పేస్తాను.

*

దీవి నుంచి

మామ్మకు శివాజీ దండాలు పెట్టి రాస్తున్నది.

నాకు పసుపు చొక్కా, ఎర్ర నిక్కరు, ఒక ఈల ఇచ్చారు. పనివాళ్ళం బట్టలు వేసుకుని తీరాలి, అది ఇక్కడి నిబంధన. ఎందుకంటే అతిథుల ఒంటిమీద బట్టలుండవు. ఉన్నదున్నట్టు రాయమన్నావు కనుక రాస్తున్నాను. ఆడా, మగా, ముసలీ ముతకా, ఒక్కరికీ గుడ్డముక్క లేదు. పడవ దిగి, కొండ దాటి వస్తేగాని ఈ చోటు కనిపించదు. మనుషులు మాత్రం చాలా మంచివాళ్ళు.

నీ శివాజీ

తా.క. మొదటిరోజంతా నేను సముద్రంకేసే చూస్తూ కూర్చున్నాను. "ఎంత శ్రద్ధ!" అని మేనేజరు మెచ్చుకున్నాడు.

*

కోటబొమ్మాళి

చిరంజీవి శివాజీకి, కళ్ళు తుడుచుకుని రాస్తున్నాను.

తుఫాను ఎప్పుడొచ్చింది? పేపర్లో ఒక్క ముక్క లేదే! తిత్లీ వచ్చినప్పుడు మన గతీ అంతే కదా. ఇంటికప్పుతో పాటు దండెం మీది బట్టలూ ఎగిరిపోయాయి. సాయానికొచ్చిన లారీలో మన వంతుకు సూట్లు వచ్చాయి. మీ తాత నెలరోజులు కోటు వేసుకునే వలలు అల్లాడు.

కానీ పనివాళ్ళు చొక్కాలు తొడుక్కుని, బాధితులను అలా వదిలెయ్యడం ఏం న్యాయం? నీ ఉత్తరం మహిళా సంఘంలో చదివితే బుల్లమ్మ లేచి నిలబడింది. "ఏటమ్మా, ముసిలోళ్ళకి కూడా గుడ్డ నేదా? ఆ మేనేజరెవుడో నాకు సూపించండి, నాను సెప్తాను!" వాళ్ళాయన ఎర్రన్న తన పెళ్ళినాటి జరీ పంచె కూడా ఇచ్చేశాడు.

పార్సిలు పంపాను. చీరలు పద్దెనిమిది, లుంగీలు ఇరవై, పంచె ఒకటి, తువ్వాళ్ళు రెండు. పుచ్చుకున్న ప్రతివారిచేతా సంతకం పెట్టించి పంపు.

నీ మామ్మ

తా.క. తువ్వాళ్ళు జగన్నాధంగారివి. నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించాను. "ఇంత సేవ సేస్తన్న కుర్రోడు మాకు దొరకడం మా అదృష్టమండీ" అన్నారు.

*

దీవి నుంచి

మామ్మా, నీకు దండాలు. ఇంకేమీ పంపకు.

ఇక్కడ తుఫాను లేదు. వీళ్ళ ఇళ్ళల్లో బీరువాలనిండా బట్టలున్నాయి. టిక్కెట్టు కొనుక్కుని, ఇష్టపడి, బట్టల్లేకుండా తిరగడానికే వస్తారు. సంతకాలు పెట్టించలేను. పెన్ను పెట్టుకోడానికి ఒక్కరికీ జేబు లేదు.

పార్సిలు విప్పగానే ఒక జర్మనీ పెద్దాయన ఎర్రన్న పంచె చూసి ముచ్చటపడి కట్టుకున్నాడు. నిబంధన తప్పాడని మేనేజరు ఆయన్ను ఆ పూటకు గేటు బయటికి పంపేశాడు. "మీ ఊరినుంచి ఇంకొక్క గుడ్డ వచ్చిందంటే నీ ఉద్యోగం పోయినట్టే" అని నాకు చెప్పాడు. ఉద్యోగం పోతే యమున కూడా దక్కదు మామ్మా.

నీ శివాజీ

తా.క. ఆ పెద్దాయన గేటు బయట నిలబడి, లుంగీలు కూడా ఉన్నాయా అని అడుగుతున్నాడు.

*

కోటబొమ్మాళి

చిరంజీవి శివాజీకి, ప్రయాణం హడావిడిలో రాస్తున్నాను.

టిక్కెట్టు కొని మరీనా! సరే, చదువుకున్నదాన్ని, అర్థం చేసుకోగలను. ఎండా గాలీ ఒంటికి మంచివే. నా బెంగ బట్టల గురించి కాదు, క్రమశిక్షణ గురించి. అంతమందికి ఒక్క పెద్దదిక్కు లేకపోతే ఎలా?

తనిఖీకి నేనే వస్తున్నాను. కైలాస యాత్రకని తీయించిన పాస్‌పోర్టు ఉంది. వీసా ఆఫీసులో "ఎందుకు వెళ్తున్నారు?" అంటే "పర్యవేక్షణకు" అన్నాను. వెంటనే ముద్ర కొట్టి ఇచ్చేశారు. క్షేమంగా చేరడానికి ఏం జాగ్రత్తలు తీసుకోవాలో రాయి.

నీ మామ్మ

తా.క. జగన్నాధంగారికి అసలు సంగతి చెప్పలేదు. నా కళ్ళతో చూసొచ్చి చెబుతానన్నాను. ఆయన ఇప్పుడు నా మాట కోసమే ఆగారు.

*

దీవి నుంచి

మామ్మా, దండాలు. నీ కాళ్ళు పట్టుకుంటాను, రావద్దు!

ఇది చాలా ప్రమాదకరమైన చోటు. తాగే నీళ్ళు మోసుకునే రావాలి. కొండదారిలో గట్టి చెప్పులు లేకపోతే పాదాలు బొబ్బలెక్కుతాయి. నీడ లేదు. ఎన్నడూ ఎండ తగలని చోట్ల కూడా ఎండమందు రాసుకోవాలి. ఎర్రజెండా ఉంటే సముద్రంలో దిగకూడదు. ఎవరి తువ్వాలు మీద వాళ్ళే కూర్చోవాలి. ఎవరినీ తేరిపార చూడకూడదు, ఫొటోలు తీయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అతిథులెవరైనా గేటు దగ్గర బట్టలు విప్పాల్సిందే. ఎంత పెద్దవాళ్ళయినా సరే!

నిన్ను ఆపడానికి సెలవు పెట్టి నేనే బయల్దేరుతున్నాను.

నీ శివాజీ

తా.క. ఈ ఉత్తరం కంటే నేనే ముందు చేరతానేమో. తలుపు తియ్యి.

*

దీవి నుంచి

చిరంజీవి శివాజీకి, నువ్వు ఉండాల్సిన చోటు నుంచి రాస్తున్నాను.

నేనిక్కడ దిగిన రోజే నువ్వక్కడ దిగావని బుల్లమ్మ కబురు పెట్టింది. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది.

నీ జాగ్రత్తల ఉత్తరం నాకు అందలేదు. ఏం ఫరవాలేదు, నిబంధనలన్నీ గేటు దగ్గర బోర్డు మీద ఉన్నాయి. ఎవరి తువ్వాలు మీద వాళ్ళే కూర్చోవాలి, ఎవరినీ తేరిపార చూడరాదు. ముప్ఫై ఏళ్ళు నేను మన పిల్లలకు చెప్పింది ఇదే కదా! వీళ్ళు చెప్పకుండానే పాటిస్తున్నారు.

చివరి నిబంధన దగ్గర మాత్రం మేనేజరుతో పేచీ వచ్చింది. కట్టుకున్నది పొందూరు ఖద్దరు, విప్పేది లేదన్నాను. "అతిథులకు మినహాయింపు లేదు, పనివాళ్ళకు మాత్రమే బట్టలు" అన్నాడు. "అయితే పనివాళ్ళలో ఖాళీ ఉందా?" అని అడిగాను. నువ్వు సెలవులో ఉన్నావు కనుక ఉంది.

ఈత చూపించమన్నాడు. భావనపాడు కోడలికి ఈత పరీక్షా! చీర కచ్చపోసి దిగి, నీ జర్మనీ పెద్దాయన్ని జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగాను. ఆయన మునగడం లేదట, ఊరికే తేలుతున్నాడట. అయినా ఉద్యోగం ఇచ్చారు. పసుపు చొక్కా చీరమీదే తొడుక్కున్నాను. ఈల ఊదితే చాలు, అందరూ ఎత్తుల వారీగా వరసలో నిలబడుతున్నారు.

జగన్నాధంగారికి రాసేశాను. చోటు శుభ్రం, మనుషులు మర్యాదస్తులు, ఉద్యోగం మన ఇంట్లోనే ఉంది, నిశ్చింతగా పిల్లనివ్వండి అని. ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. వచ్చే నెల మొదటి గురువారం తాంబూలాలు. నువ్వెలాగూ అక్కడే ఉన్నావు కదా, గడ్డం గీయించుకో.

నీ మామ్మ,
కుసుమకుమారి

తా.క. పెళ్ళయ్యాక ఇద్దరూ నన్ను చూడటానికి రండి. పనివాళ్ళలో ఖాళీ లేదు, అతిథులుగానే రావాలి. నిబంధన నీకు తెలుసు. మీ మామగారిచ్చిన తువ్వాళ్ళు రెండూ మీకోసం జాగ్రత్తగా దాచాను.