నిర్మల చదువుకి ఊరంతా సాయం

పాడేరు
12 జూన్ 2001

మావయ్యకి నిర్మల నమస్కారాలు.

అమ్మ పోయాక నా మంచీచెడ్డా అడగడానికి నువ్వే మిగిలావు, అందుకే ఈ ఉత్తరం. మా ఆఫీసులో టైపు మిషన్లు తీసేసి కంప్యూటర్లు పెడుతున్నారు. మా టైపిస్టుల్లో దసరాలోగా అది నేర్చుకున్నవాళ్లే ఉంటారట. విశాఖపట్నంలో మూడు నెలల సర్కారు కోర్సు ఉంది, ఫీజు లేదు. కానీ నాతో చదివిన సురేంద్ర హైదరాబాద్‌లో ఆ కంప్యూటర్ ఉద్యోగమే పోయి, తిరిగొచ్చి ఇక్కడ జీపు తోలుతున్నాడు. జీతం లేని సెలవు పెట్టి వెళ్లాక ఆ కొత్త చదువూ అచ్చిరాకపోతే నా గతేమిటి? నిజంగా భయంగా ఉంది. వెళ్లనా, మాననా?

నీ మేనకోడలు,
నిర్మల

తా.క. సురేంద్ర నా దగ్గర జీపు ఛార్జీ తీసుకోడు. బదులుగా దారంతా కంప్యూటర్ వద్దని చెబుతాడు.

టైడా కొండమీంచి
20 జూన్

నిర్మలకి మావయ్య సుక్రు దీవెనలు. ఇక్కడ వానలు బాగున్నాయి, మనుషులం పరవాలేదు.

నేను కాఫీ మొక్కలు నాటినప్పుడు "తినడానికి రాని గింజతో ఏటి సేత్తావు" అని ఊరంతా నవ్వింది. నాలుగేళ్లు కాపు లేదు. నాకూ భయమేసింది, మీ అత్తకి సెప్పలేదు. ఐదో ఏడు ఆ నవ్వినోళ్లే నారు అడిగారు. బేగి ఎళ్లు గుంటా, ఆలస్యం సేయకు. ఊరంతా కూర్చుని ఇదే అనుకున్నాం.

ఇట్లు,
సుక్రు

తా.క. కంప్యూటర్‌కి నీడ కావాలా? కాఫీకి కావాలి. కావాలంటే సిల్వర్ ఓక్ మొక్కలు పంపుతాను.

విశాఖపట్నం
9 జూలై

మావయ్యకి నమస్కారాలు.

చేరాను కానీ పని ఆగిపోయేలా ఉంది. హైదరాబాద్ కబుర్లు విని సగం మంది మానేశారు, ఏడుగురమే మిగిలాం. నెలాఖరులోగా పదిమంది కాకపోతే కోర్సు ఆపేస్తామన్నారు మా కృష్ణమూర్తి సారు. మనుషులు చాలకే వచ్చాయి ఈ తిప్పలు. నా చేతిలో ఏమీ లేదు, తిరిగి వచ్చేస్తాను.

నిర్మల

తా.క. ఇక్కడ ఏసీ గది. కంప్యూటర్లకి నీడే కాదు, చలి కూడా కావాలి.

టైడా కొండమీంచి
17 జూలై

నిర్మలకి దీవెనలు, కొంచెం కోపం.

పనికి మనుషులు సాలకపోతే ముందే సెప్పొద్దా? యర్రమ్మ మిరియాల కోతకి ఊరంతా సాయం పోలేదా? ఒకరి పనికి అందరం దిగడం మన వరసే కదా. యర్రమ్మ, బుధు, ధర్మ సోమవారం రైలెక్కుతున్నారు. వారానికో ముగ్గురు మారతారు. కత్తులు, అంబలి వాళ్లే తెచ్చుకుంటారు. మీ ఆసామి సారుని వాళ్లకి వంట పెట్టొద్దను.

సుక్రు

తా.క. అక్కడ జలగలుంటాయా అని యర్రమ్మ అడుగుతోంది. ఉంటే సున్నం తెచ్చుకుంటుందట.

విశాఖపట్నం
28 సెప్టెంబరు

మావయ్యకి నమస్కారాలు.

మొదటి రోజు మనవాళ్ల కత్తులు చూసి వాచ్‌మన్ గేటు మూసేశాడు. నేను సిగ్గుతో ఏడ్చాను. కృష్ణమూర్తి సారు మాత్రం తలలు లెక్కపెట్టి, "పదిమంది అయ్యారు. కత్తులు బయట పెట్టి వచ్చి కూర్చోండి" అన్నారు. తర్వాత హాజరు పిలిచినప్పుడు యర్రమ్మ పేరుకి ఎవరెవరో మీసాలవాళ్లు పలికారు. సారు కళ్లజోడు తుడుచుకుని హాజరు వేసేశారు. అలా వాళ్ల పుణ్యమా అని కోర్సు పూర్తయింది.

కానీ నిన్న ఆఫీసు నుంచి కబురొచ్చింది. టైపిస్టులందరినీ తీసేశారు, నేర్చుకున్నవాళ్లనీ, నేర్చుకోనివాళ్లనీ. సురేంద్ర చెప్పిందే నిజమైంది. ఊరందరినీ ఇంత తిప్పి, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని రాను?

నిర్మల

తా.క. కీబోర్డు మీద 'ఏ' అక్షరం పక్కన 'బీ' లేదని బుధు తిట్టాడు. నాటినవాడెవడో పని దొంగట.

టైడా కొండమీంచి
6 అక్టోబరు

నిర్మలకి మావయ్య దీవెనలు.

నీ ముఖమే పెట్టుకుని రా. సాయం పొందినోళ్లు తిరిగి సాయం సేయాలి, మర్సిపోయావా? ఊరు నీకిచ్చిన పని రోజులు నీ మీద బాకీ ఉన్నాయి.

మన కాఫీ సంఘానికి నిరుడు ఎవరో ఒక కంప్యూటర్ ఇచ్చి పోయారు. మీట ఎక్కడుందో తెలీక గోనె కప్పి పెట్టాం. ఆ వేళ ఊరంతా కూర్చుని నిన్ను ఎళ్లమన్నది అందుకు కూడా. ముందే సెబితే మా కోసం సదివేదానివి. నీ కోసం సదవాలని సెప్పలేదు. తప్పైతే తిట్టు, పడతాను. ఏ ఊళ్లో కాఫీ ఏ ధర పలుకుతోందో నువ్వు సూసి సెప్పాలి, మా పిల్లలకి నేర్పాలి. సంఘం జీతమిస్తుంది, పెద్దదేం కాదు. నాలుగేళ్లు కాపు రాకపోయినా ఆగడం ఈ ఊరికి తెలుసు. సురేంద్రకీ కబురెట్టాను. కంప్యూటర్ వద్దని మాకూ సెప్పొచ్చు, ముందు నీ పనిలో ఓ సెయ్యి సాయం పట్టాక.

నీ కోసం సూసే
సుక్రు

తా.క. బేగి రా, కానీ పది రోజులాగి రా. గోనె మీద కోడి పొదుగుతోంది. పిల్లలు లేసేదాకా యర్రమ్మ ఎవరినీ ఆ గదిలోకి రానివ్వదు.